మూడో మంచె: పెద్ద డిస్కు వాటాలు

వైశాఖ శుద్ధ విదియ

పదో తరగతి పరీక్షల తర్వాత నేను చేత్తో ఇంత రాసింది లేదు. మంచె మీద జరిగేదంతా మిషను చిట్టాలోకి ఎక్కుతుంది కాబట్టి ఇక్కడ కలంతో ఎవరికీ పని లేదు. ఇవాళ మధ్యాహ్నం దాకా నాకూ లేదు. పొద్దున నా ఎదురుగా జరిగినది మధ్యాహ్నానికి ఆ చిట్టాలో ఇంకోలా మారిపోయింది. సాయంత్రం భజన అయ్యాక దాన్ని చదివి వినిపిస్తే అందరూ తలలూపారు. దేవుడి పటం ముందు నిలబడి నేనూ ఊపాను. ఇంటికొచ్చాక మనసొప్పలేదు. నోటితో అందామంటే నా గొంతు పక్కమనిషికే వినిపించదు. అందుకే ఈ కాగితాలు.

పొద్దున గట్టు నుంచి ఏసుదాసు పడవ వచ్చింది. తాళ్ళబుట్ట దించి బియ్యం, మందులు పైకి లాగాక, చివర్లో అతను తన చొక్కాలో చుట్టి దాచిన పెట్టెను పంపాడు. అందులో కొత్త డిస్కు ఉంది. పదహారు టెరాబైట్లు. ఒకప్పుడు సముద్రం అడుగునుంచి గ్యాసు తోడిన ఈ ఇనుప మంచె మీద మనుషులు కాపురం పెట్టిన తర్వాత ఇంత పెద్ద డిస్కు రావడం ఇదే మొదలు. మాకున్న చిన్న డిస్కులు ఉప్పుగాలికి ఒక్కొక్కటే పోతున్నాయి.

మా మంచెపెద్ద సోమలింగం గారు దాన్ని తగిలించి వాటాలు వెయ్యడానికి కూర్చున్నారు. డిస్కును ఇల్లులాగా వాటాలు చేసి వైద్యానికొకటి, నీళ్ళకొకటి, బడికొకటి ఇవ్వడం ఇక్కడి పద్ధతి. ఆయన తండ్రి లైనక్స్ మిషను ముందు కూర్చుని ఎఫ్‌డిస్క్ అనే కమాండ్‌తో వాటాలు వేసేవారట. ఈయన ఆ అక్షరాలను మంత్రంలా బట్టీపట్టారు. ఏ అక్షరం ఏం చేస్తుందని అడిగితే కోపమొస్తుంది.

"పదహారన్నావు. రెండే ఇస్తోందేమిటి?" అన్నారు ఆయన డిస్కు గదిలోంచి బయటికొచ్చి.

"పదహారేనండీ ఆయ్. పెట్టె మీద రాసుంది గదండీ," అన్నాడు ఏసుదాసు కింద పడవలోంచి.

"నీ పడవ మీద 'దేవుని కృప' అని రాసుంది. ఉందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"లేకపోతే ఈ తుక్కు పడవ మీ దాకా ఎలా వత్తదండీ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సోమలింగం గారి మొహం చూసి నవ్వు ఆపుకున్నారు. ఆయన అతన్ని దొంగ అన్నారు. ఇక ఈ మంచె కాళ్ళకు తాడు కట్టొద్దన్నారు. అతని కులాన్నీ, ప్రార్థననూ కలిపి మరో రెండు మాటలన్నారు. అవి రాయను.

నళిని అక్కడే ఉంది. ఈ మంచె మీద డిస్కుల చదువు చదివింది ఆ అమ్మాయి ఒక్కతే. పెదవులు బిగించుకుని అంతా విన్నది. ఏసుదాసు తాడు విప్పుకుంటుంటే అప్పుడు పెద్దాయన వెనకాలే డిస్కు గదిలోకి వెళ్ళి నెమ్మదిగా చెప్పింది. నేను అప్పటికే లోపలికెళ్ళి మిషను మీద ఉప్పు తుడుస్తున్నాను కాబట్టి విన్నాను.

"వాటాల హద్దులు రాసే పాతరకం పట్టికలో గడి చిన్నదండీ. రెండు టెరాబైట్లు దాటిన అంకె అందులో పట్టదు. డిస్కు మంచిదే. జీపీటీ అని కొత్తరకం పట్టిక వేసి, పార్టెడ్‌తో వాటాలు వేస్తే మొత్తం కనిపిస్తుంది."

"ముందే ఏడవొచ్చుగా," అన్నారాయన.

బయటికొచ్చి చిరునవ్వుతో, "నిన్ను పరీక్షించానోయ్," అన్నారు. చిట్టాలో కూడా అదే ఉంది: పెద్దవారు పడవవాని నిజాయితీని పరీక్షించి, నూతన పద్ధతిని కనుగొన్నారని. ఏసుదాసు ఒక్కడే ఆ పరీక్ష మాటకు తలూపలేదు. తాడు మళ్ళీ కట్టుకుని తన అన్నం మూట విప్పుకున్నాడు.

అక్షయ తదియ

ఇవాళ వాటాలు వేశారు. నళిని టైపు చేసింది, సోమలింగం గారు వేలు చూపించారు. దేవుడి వాటా ముందు, తర్వాత వైద్యం, నీళ్ళు, బడి. చివర పెద్దల ఇంటి వాటా. అది ఆయనదే. ఆయన ఉపన్యాసాల వీడియోలు అందులో ఉంటాయి. ముందు కొంచెం చాలన్నారు. తర్వాత బడి పిల్లలకు అంత ఎందుకన్నారు. తర్వాత నీళ్ళ లెక్కలకు అంత ఎందుకన్నారు. హద్దు ఇటు జరిపి, అటు జరిపి, మళ్ళీ జరిపి, చివరికి ఆయన ఉపన్యాసాలు మా అందరి ఆరోగ్యం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించాయి.

వైద్యం వాటా గురించి నాకు బెంగ ఉంది. నా తోటికోడలు మాణిక్యం గుండెలో చిన్న మిషను పెట్టారు. ప్రతి పౌర్ణమికీ వైద్యగదిలో దాన్ని సరిచేస్తారు. ఏళ్ళ తరబడి ఆమె గుండె ఎలా కొట్టుకుందో ఆ వాటాలో ఉంటుంది, దాన్ని చూసుకునే వైద్యగది మిషను కొలత పెడుతుంది. ఆ పాత లయ లేకపోతే మిషను అందరికీ పెట్టే కొలత పెడుతుంది. మొదట్లో అలాగే పెట్టారు. ఆ ఏడు మాణిక్యం మెట్ల మీద, వంటగదిలో, ఎక్కడ పడితే అక్కడ కూలిపోయేది. అప్పుడు వయసులో ఉంది, తట్టుకుంది. ఇప్పుడు తట్టుకోదు. అందుకే నళినిని పదిసార్లు అడిగాను, అన్నీ సరిగ్గా కొత్తదానిలోకి వస్తాయా అని.

"వస్తాయి పిన్నిగారూ," అంది.

వాటాలయ్యాక గడప పూజ. డిస్కులో మొదటి వాటాకు ముందు కాస్త ఖాళీ ఉంటుంది. మా వాళ్ళు దాన్ని గడప అంటారు. ఇంటి గడపకు పసుపు రాసినట్టు ఆ ఖాళీలో శ్రీకారమూ లక్ష్మీదేవి బొమ్మా రాయడం పెద్దాయన తండ్రి పెట్టిన ఆచారం. చిన్న డిస్కులన్నిటికీ అలాగే చేశారు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని మా వాళ్ళు మహిమ అంటారు.

నళిని చేతులు కీబోర్డు మీద ఆగాయి. "ఇది కొత్తరకం కదండీ, అక్కడ..." అంది.

"అక్కడ?"

"ఏం లేదండీ."

"ఇంత పెద్ద ఇంటికి పెరటి గడప కూడా ఉండాలి," అన్నారు సోమలింగం గారు. ఈ ముక్క ఆయన తండ్రికి కూడా తట్టలేదు. "చివర కూడా ఖాళీ ఉంది కదా, అక్కడ మంగళహారతి రాయి."

ఆ అమ్మాయి మొదట శ్రీకారం రాసింది, చివర మంగళం రాసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అందరూ అక్షింతలు వేశారు. నేను రోజూ రెండుపూటలా దేవుడి పేరు తలుచుకునేదాన్నే. అయినా ఆ పేరు ఇవాళ ఆయన నోట్లో ఆయన సొంత పేరులా వినిపించింది.

వైశాఖ శుద్ధ షష్ఠి

పాత డిస్కుల్లో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కింది. మాణిక్యం లయ కూడా వచ్చిందని వైద్యగదిలో చూపించారు. పాత డిస్కులను పూర్తిగా తుడిచేసి ఏసుదాసుకు ఇచ్చేశారు. మా ఇళ్ళ సంగతులు గట్టు మీదవాళ్ళు చూడకూడదని సోమలింగం గారే దగ్గరుండి తుడిపించారు. అతను మళ్ళీ అమావాస్య దాటాకే వస్తాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పెద్దాయన డిస్కు గదికొచ్చి, ఆ గడపలో రాసిన బొమ్మను తెర మీదికి తెప్పించుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. పక్కనే నిలువెత్తు దేవుడి పటం ఉంది. మంచె మీద అంతగా తడి చేరని గది ఇదొక్కటే కావడంతో దేవుణ్ణీ, డిస్కునూ ఇందులోనే ఉంచాం. ఆ పటాన్ని ఆయన చూడరు. అది ఆయన రాయించింది కాదు.

నళిని అన్నం సరిగ్గా తినడం లేదు. ఇవాళ నేను దీపంలో వత్తి మారుస్తుంటే వచ్చి, "మిషను ఆగకుండా ఉండాలని దణ్ణం పెట్టండి పిన్నిగారూ," అంది.

"ఎందుకమ్మా?"

"ఊరికే."

ఊరికే అనే మాట అబద్ధం చెప్పడానికి చదువు రానివాళ్ళు వాడతారనుకున్నాను ఇన్నాళ్ళూ.

వైశాఖ శుద్ధ నవమి

నిన్నటి నుంచి గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టు పడుకుంది. గాలిమరలన్నీ ఆగిపోయాయి. పొద్దుటికి బ్యాటరీలు అయిపోయి మిషను ఆగింది. మధ్యాహ్నం కాస్త గాలి తిరిగితే మళ్ళీ వేశారు. డిస్కు ఉంది. పదహారు టెరాబైట్లూ ఉన్నాయి. వాటాలు మాత్రం ఒక్కటీ లేవు. అంతా ఖాళీ అని చూపించింది.

సోమలింగం గారు మొదట నళిని వైపు చూశారు. ఆమె నేల వైపు చూస్తోంది. తర్వాత ఆడవాళ్ళందరి వైపూ చూశారు.

"ఎవరో మైలతో లోపలికొచ్చారు," అన్నారు.

ఇంత పెద్దమనిషికి ఇంత చిన్న మాట ఎంత తేలిగ్గా దొరికిందో! ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు.

"రోజూ వచ్చేది మీరూ, మా అక్కా, నళినీ," అంది మాణిక్యం గుమ్మంలోంచి. దాని నోరు సంగతి మంచె మొత్తానికి తెలుసు. "మా అక్క దేవుడి మనిషి. నళిని నీడకే దడుచుకుంటుంది. ఇక మైల ఎవరిదో మీరే లెక్క చూసుకోండి."

"నోరు మూసుకో మాణిక్యం."

"మూస్తాను. నా గుండె ఎక్కడ పెట్టారో చెప్పండి, మూసేస్తాను. పౌర్ణమి వారం కూడా లేదు."

ఇంటికొచ్చాక మాణిక్యం చేపలు తోముతూ మామూలుగానే నన్ను ఎగతాళి చేసింది. "నేను పోతే నీకు మాట్లాడేవాళ్ళు ఉండరక్కా. నీ తరఫున కూడా నేనే మాట్లాడుతున్నాగా ఇన్నాళ్ళూ," అంది. నవ్వుతూనే అంది. కత్తి మాత్రం ఒకే చేప మీద చాలాసేపు ఆడింది.

వైశాఖ శుద్ధ దశమి

సభ పెట్టారు. సోమలింగం గారి తీర్మానం ఏమిటంటే, ద్వాదశి పొద్దున మంచి ముహూర్తంలో డిస్కుకు శుద్ధి చేసి, మళ్ళీ వాటాలు వేసి, అన్నిటినీ కొత్తగా ఫార్మాట్ చెయ్యడం.

"ఖాళీ డిస్కులో పోయేదేముంది?" అన్నారు. అందరూ ఔనన్నారు. వీళ్ళకు ఖాళీ అని తెర చెబితే ఖాళీ, నిండుగా ఉందని పెద్దాయన చెబితే నిండు. సొంత కళ్ళు సముద్రం మీదికి వెళ్ళినప్పుడే వాడతారు.

సభ అయ్యాక నళిని మంచునీళ్ళ వలల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంది. రాత్రి మంచు పట్టడానికి కట్టిన వలలు అవి. ఉతికి ఆరేసే వంతు ఇవాళ నాది. ఒక కొస ఆమె చేతికిచ్చాను. ఇద్దరం వల పిండుతూ మాట్లాడుకున్నాం.

"నిజంగా ఖాళీయేనా అమ్మా?"

"లేదు పిన్నిగారూ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. హద్దుల పట్టిక ఒక్కటే పోయింది. పాతరకంలో పట్టిక మొట్టమొదటి గడిలోనే ఉండేది, దాని తర్వాత ఖాళీలో బొమ్మలు రాసినా ఏం కాలేదు. కొత్తరకం పట్టిక ఆ ఖాళీలోనే ఉంటుంది. అది చెడితే పనికొస్తుందని దాని నకలు డిస్కు చిట్టచివర ఉంటుంది."

"శ్రీకారం ఒకదాని మీద, మంగళం ఇంకోదాని మీద."

"ఆఁ."

"మరి ఇన్ని రోజులు ఎలా నడిచింది?"

"మిషను ఆన్‌లో ఉన్నంతసేపు హద్దులు దానికి గుర్తుంటాయి. ఆగితే మరిచిపోతుంది."

"గుర్తున్న రోజుల్లో నువ్వు ఆ హద్దులు ఎక్కడైనా రాసి పెట్టుకోలేదా?"

ఆమె వల వదిలేసింది. "రాసి పెట్టుకుంటే నాకు ముందే తెలుసని అయిపోతుంది కదండీ. తెలిసి చేశానంటారు."

నాకు కోపం రాలేదు. కోపం మనిషి మీద వస్తుంది. నా ఎదురుగా ఉన్నది అప్పటికి మనిషి అనిపించలేదు, ఉద్యోగం అనిపించింది. ఒక మనిషి గుండె ఎక్కడుందో తెలిసి, తన మీద మాట పడుతుందని ఆ చోటు మరిచిపోవడానికి సిద్ధపడింది.

"పోనీ, ఇప్పుడు చెప్పు. అవే హద్దులు మళ్ళీ వెయ్యలేవా?"

"ఆ రోజు ఆయన ఎన్నిసార్లు జరిపించారో మీరు చూశారుగా. చివరిది ఏదో గుర్తు లేదు. డిస్కు మొత్తం వెతికితే ఒక్కొక్క వాటా మొదలయ్యే గుర్తు దొరుకుతుంది. రెండు మూడు రోజులు మిషను ఆగకుండా నడవాలి. ఈలోపల ఎవరూ ఫార్మాట్ చెయ్యకూడదు."

"ఈ మాట సభలో చెప్పు."

"మీరు చెప్పండి పిన్నిగారూ. మీరంటే అందరికీ గౌరవం."

నేనంటే అందరికీ గౌరవమే. నేనేమీ అడగనంతకాలం.

వైశాఖ శుద్ధ ఏకాదశి

రాత్రంతా జపం చేసుకున్నాను. పొద్దున తలంటి పోసుకుని, తడి జుట్టుతోనే డిస్కు గదికెళ్ళి, దేవుడి ముందు దీపం పెట్టి, మౌనదీక్ష పట్టాను.

ఇక్కడ ఈ దీక్షకు విలువ ఉంది. వేటకు వెళ్ళిన పడవలు తుఫానులో చిక్కుకున్నప్పుడు ఇంటి ఆడది దేవుడి ముందు తలుపేసుకుని, మాట్లాడకుండా కూర్చుంటుంది. తనంతట తాను లేచి వచ్చేదాకా ఎవరూ ఆ గది గడప తొక్కరు, పిలవరు. నీళ్ళు అందించడానికి ఒక్క మనిషిని మాత్రం తోడు పెట్టుకోవచ్చు. మా అత్తగారు నాలుగుసార్లు కూర్చున్నారట. ఆమె మొగుడు మూడుసార్లు వచ్చాడు.

నా తోడు నళిని. చేతిలో చెంబు పెట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి గడియ వేశాను. తెర వైపు చూపించాను. ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చదువుకున్నవాళ్ళకు ఎవరూ నోటితో ఆజ్ఞ ఇవ్వకపోతే ఏం చెయ్యాలో తోచదు కాబోలు. చివరికి కూర్చుని వెతకడం మొదలుపెట్టింది.

ఇది నాటకమా అని నన్ను నేనే అడుగుతున్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తలుపు మూసింది నిజం. కాని నేను మౌనంగానే ఉన్నాను, ఉపవాసంగానే ఉన్నాను, ప్రతి జపమూ మాణిక్యం పేరు మీదే చేస్తున్నాను. పడవ మీద పోయిన మనిషికీ, డిస్కులో పోయిన గుండెకూ దేవుడు తేడా చూస్తాడనుకోను. తప్పయితే ఆయన నన్ను అడుగుతాడు. సోమలింగం గారికి అడిగే హక్కు లేదు.

మధ్యాహ్నం ఆయన తలుపు దాకా వచ్చారు.

"సుభద్రమ్మా, ఎవరి కోసం కూర్చున్నావు? రేపు ముహూర్తం ఉంది." బయట గుసగుసలు. కాసేపాగి ఆయన గొంతు మారింది. "డిస్కు శుద్ధి కోసం, మన మంచె క్షేమం కోసం కూర్చుంది. నేనే చెప్పాను," అన్నారు జనంతో. తర్వాత తలుపుకు దణ్ణం పెట్టినట్టున్నారు, ఆయన చేతి కడియం చప్పుడు వినిపించింది.

ఆయన ఏనాడూ నాకేమీ చెప్పలేదు. అయినా అబద్ధం చెప్పే పని నాకు తప్పింది.

వైశాఖ శుద్ధ త్రయోదశి

ముహూర్తం దాటిపోయింది. పెద్దాయనకు అది ముల్లులా గుచ్చుకుంటున్నట్టుంది. ఇంతలో నళిని మొదటి గుర్తు పట్టింది. వైద్యం వాటా ఇదేనని తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. ఆ రోజు పెద్దాయన మనసు మార్చుకోకముందు వేసిన హద్దు అది. ఆయన అత్యాశకు డిస్కు మీద కూడా పాత మచ్చలున్నాయి.

నళిని చేతులెత్తేసింది. "ఇంకెన్ని ఉన్నాయో ఇలాంటివి. నాకు భయంగా ఉంది పిన్నిగారూ. తలుపు తీసి ఒప్పేసుకుందాం," అంది. నేను మాట్లాడకూడదు. ఆమె గడ్డం పట్టుకుని మొహం తెర వైపు తిప్పాను. ఇంత గట్టిగా నేను ఎవరినీ పట్టుకోలేదు.

సాయంత్రం కొత్త ముప్పు వచ్చింది. బయటినుంచి సోమలింగం గారి మాటలు వినిపించాయి. "దీక్షకు దీపం చాలు. ఈ గదికి కరెంటు తీసేయండి. పౌర్ణమి దీపాలంకరణకు బ్యాటరీలు మిగలాలి."

నళిని నా వైపు చూసింది. మిషను ఆగితే రెండు రోజుల వెతుకులాటా మళ్ళీ మొదటికొస్తుంది. పౌర్ణమికి మధ్యలో ఒక్కరోజే ఉంది.

అప్పుడు మాణిక్యం గొంతు. స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి నిలబడినట్టుంది.

"తీయండి. మూసిన గది, లోపల ఫ్యానుండదు, తిండి లేదు, యాభై ఏళ్ళ మనిషి. పోతే మీ లక్ష్మీదేవి ముందే పోతుంది. పదకొండు రోజులు మైల పడతారో, డిస్కును కూడా సముద్రంలో కలిపేస్తారో పంతుల్ని పిలిచి ఇప్పుడే కనుక్కోండి."

"పక్కకు జరుగు."

"నన్ను తోస్తారా? తోయండి. నా గుండె సంగతి తెలుసుగా. ఒకే ఖర్చులో రెండు శవాలు."

ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వు ఇంకా ఇద్దరు ముగ్గురికి అంటుకుంది. పెద్దాయన అడుగుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను జపమాల చేతిలో పట్టుకుని, ఎంతవరకు లెక్కపెట్టానో మరిచిపోయాను.

వైశాఖ శుద్ధ చతుర్దశి

దొరికింది. తెల్లవారాక నళిని నా మోకాలు తట్టి చూపించింది. ఒక్కొక్క వాటా మొదలూ చివరా దొరికాయి. వాటిని వరసగా రాసి, ముందు ఖాళీలో పట్టిక, వెనక ఖాళీలో నకలు మళ్ళీ వేసింది. శ్రీకారం బొమ్మను తుడిచెయ్యకుండా దేవుడి వాటాలో పెట్టమని సైగ చేశాను. దేవుడి బొమ్మ మీద నాకేం కోపం? మిషనును కావాలనే ఒకసారి ఆపి మళ్ళీ వేశాం. వాటాలన్నీ ఉన్నాయి. వైద్యం వాటా తెరిచి, మాణిక్యం పేరు వెతికి, ఆ గీతను తెర మీద చూపించింది. ఎత్తుపల్లాలుగా, తొందర తొందరగా, మధ్యలో ఒక చిన్న తడబాటుతో ఉంది. చూడగానే దానిదే అనుకున్నాను.

నళిని ఏడ్చింది. సంతోషం కొంత, తప్పించుకున్నాననే ఊరట ఎక్కువ. ఆ రెండోది నాకు నచ్చలేదు.

నేను గడియ తీశాను.

వైశాఖ పౌర్ణమి

పొద్దున మాణిక్యాన్ని వైద్యగదికి తీసుకెళ్ళాను. పాత లయ చూసుకుని మిషను సరిచేశారు. లేచి కూర్చుని నా వైపు చూసి, "మూడు రోజులు నోరు తెరవలేదట. నీకదేం దీక్షక్కా, నువ్వెప్పుడూ ఉండేదే కదా," అంది.

నవ్వాను. మెట్లెక్కేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని ఆగి, "చెయ్యి తీయకు," అంది. పై అంతస్తు దాకా తీయలేదు.

వైశాఖ బహుళ విదియ

ఇవాళ సభ. శ్రీకార మహిమ వల్లనే వాటాలు తిరిగొచ్చాయని సోమలింగం గారు చెప్పారు. దీక్షకు తోడుగా ఉన్నందుకు నళినికి దండ వేశారు, ఆమె వేయించుకుంది. తల కొంచెం వంచింది, దండ సులువుగా పడటానికి. తర్వాత ఆయన నన్ను లేవమన్నారు.

"దీక్షలో అమ్మవారు ఏం తెలిపిందో చెప్పు సుభద్రమ్మా."

నేను లేచి, నాకు వచ్చినంత గొంతుతో చెప్పాను. "డిస్కుకు ముందున్న ఖాళీ, వెనకున్న ఖాళీ దేవుడివి. అక్కడ మనిషి చెయ్యి పడకూడదు. ఖాళీగా వదలడమే పూజ."

అమ్మవారు నాతో ఆ మాట అనలేదు. కాని ఆమెకు అందులో అభ్యంతరం ఉంటుందని నేననుకోను. ఎవరికీ వినపడనట్టుంది, సోమలింగం గారే గట్టిగా మళ్ళీ చెప్పారు. రెండోసారి చెప్పేటప్పటికి అది ఆయనకు వచ్చిన కల అయిపోయింది. ఇకమీదట ఎవరైనా గడపలో రాస్తే మంచె దించేస్తానని కూడా అన్నారు. జనం చేతులు జోడించారు. ఇంతకన్నా గట్టి కాపలా ఆ పట్టికకు నేను పెట్టలేను.

మాణిక్యం, ఈ కాగితాలు నీకిస్తున్నాను. చదివితే నీ నోరు ఊరుకోదని తెలుసు. ఊరుకోవాలి. ఆయన సిగ్గు బయటపడాలని నీకంటే నాకే ఎక్కువ ఉంది. కాని ఇది ఒక్కరు చూసినా, ఆ గదిలో నేను కూర్చున్నది వేరే పని కోసమని తెలిసిపోతుంది. మర్నాటి నుంచి ఏ ఆడది తలుపేసుకుని కూర్చున్నా, లోపల ఏం చేస్తోందో చూద్దామని తలుపు తోస్తారు. సముద్రం మీద మొగుడు చిక్కుకున్న మనిషి గది తలుపు కూడా తోస్తారు. ఈ మంచె మీద వీళ్ళు తెరవడానికి భయపడే తలుపు అదొక్కటే ఉంది. ఒక మూర్ఖుణ్ణి నలుగురిలో నిలబెట్టడానికి దాన్ని పోగొట్టను.

కాబట్టి బియ్యం డబ్బా అడుగున, తడి తగలని చోట పెట్టు. పారెయ్యకు. ఎవరికీ చూపించకు.